రెండు పసుపులు

మా వార్డులో ఎవరికి పగలు, ఎవరికి రాత్రి డ్యూటీ పడాలో తేల్చేది హెడ్ నర్సు రాసిన మాక్రో, అంటే కంప్యూటర్లో దానంతటదే పనిచేసే చిన్న ప్రోగ్రాము. స్ప్రెడ్‌షీటులో మా పేర్లుంటాయి. బటన్ నొక్కితే వారం చార్టు తయారవుతుంది. రాత్రులు వద్దన్నవాళ్ల పేరు మీద ఆమె పసుపు రంగు వేస్తుంది, మాక్రో వాళ్లని పగటికి పంపేస్తుంది. ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

కొత్త కంప్యూటర్లు వచ్చాయి, వాటితో స్ప్రెడ్‌షీటుకి కొత్త వెర్షన్ వచ్చింది. బటన్ నొక్కితే తెర నిండా ఎర్రర్లు. కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ ఆయన వచ్చి, ఏవో రెండు లైన్లు సవరించి, ఫైలుని కొత్త రకంలో సేవ్ చేసి, "ఇంక ఢోకా లేదండీ" అని టీ తాగి వెళ్లాడు. నిజమే, ఎర్రర్ మళ్లీ రాలేదు.

మా ఆయన ప్రెస్సులో రాత్రి పనికి మారింది ఆ తర్వాతే. నాకూ రాత్రి పడితే నాలుగేళ్ల పాప పక్కింట్లో పడుకోవాలి. పడుకోదు, అమ్మ కావాలని ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంటుంది. హెడ్ నర్సుకి చెప్పాను. మేమంతా ఆమెని అక్క అనే పిలుస్తాం, నాకు సూది వెయ్యడం నేర్పింది కూడా ఆమే. "పసుపు వేస్తాలేవే" అంది. చార్టు వస్తే నాకు రాత్రి. అడిగితే "వేశానే!" అంది. మళ్లీ రాత్రే. మందుల గది చూసే తాతగారికీ పసుపే, ఆయనకి మాత్రం ఒక్క రాత్రీ పడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం అంటే ఇదే అనుకున్నాను. అక్కతో మాటలు మానేసి, పై అంతస్తు వార్డుకి మార్చమని పెద్ద డాక్టరుగారిని అడిగాను.

ఆ సంగతి అక్కకి తెలిసింది. ఆ రోజే మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచింది.

"కోపమొస్తే తిట్టాలి గానీ ఇలా మూతి ముడుచుకుంటే ఎలాగే? కూర్చో. నీ కళ్లెదుటే చేస్తా."

నా పేరు మీద పసుపు వేసింది. బటన్ నొక్కింది. రాత్రి. చెరిపి మళ్లీ వేసింది. రాత్రే. అక్క మొహం వాడిపోయింది.

"తాతగారిది పసుపూ, నాది కాదా?" అన్నాను. కోపంతోనే అన్నాను. అన్నాక ఇద్దరం ఆగిపోయాం.

అక్క కళ్లజోడు పెట్టుకుని ఆయన పేరునీ నా పేరునీ పక్కపక్కకి తెచ్చింది. ఆయనది నిమ్మపండు రంగు, పాత కంప్యూటర్లో వేసింది. నాది కాస్త ముగ్గిన మామిడిపండు, కొత్త వెర్షన్ రంగుల వరసలోంచి తీసింది. మన కంటికి రెండూ పసుపే. మాక్రోకి కళ్లెక్కడివి? కంప్యూటర్లో ప్రతి రంగుకీ ఓ నంబరు, అది చూసేది ఆ నంబరునే. అక్క దానికి చెప్పింది ఒక్క రంగు నంబరే, పాత పసుపుది. నా పసుపుని అది గుర్తుపట్టలేదు. మొరిగే కుక్క కరవదంటారు. మొరిగిన ఎర్రర్లు ఒక్కపూటలో పోయాయి, చప్పుడు చెయ్యనిది ఇన్ని వారాలు నన్ను కరిచింది.

తాతగారి రంగు కాపీ చేసి నా పేరు మీద వేశాను. పగలు వచ్చింది. అక్క "హమ్మయ్య" అంది. నాకు సిగ్గేసి తలెత్తలేకపోయాను.

అప్పుడే ఫోన్ మోగింది. పై వార్డు హెడ్ నర్సు. పక్కనే ఉన్నాను కాబట్టి ఆవిడ గొంతు నాకూ వినిపించింది.

"పొద్దున మీరు చెప్పారుగా, చిన్న పిల్ల తల్లి, రాత్రులు వెయ్యొద్దని. మా డాక్టరుగారు ఒప్పుకున్నారు. రేపట్నించి పంపించండి."

పొద్దున! నేను అక్క మొహం కూడా చూడకుండా ఆమె ముందునించే వెళ్లిన పొద్దున.

అక్క ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నావైపు చూసింది. "ఏం చెప్పమంటావ్?"

తల అడ్డంగా ఊపాను. కళ్లనిండా నీళ్లు.

"మా పిల్ల రాదండీ," అంది అక్క ఫోన్లో. పెట్టేసి, కీబోర్డుని నా ముందునించి పక్కకి జరిపింది. "కొత్తది, తడపకు."