చిట్లించని మొహం

సబ్బుల ఫ్యాక్టరీలో ప్రతి నూనె పీపా ముందు వాసన గదికి రావాలి. అక్కడ సూపర్వైజరు వంగి, గుండెల నిండా పీల్చి, "బాగుంది" అనో "కంపు" అనో రాసి సంతకం పెట్టేవాడు. అంతా నటన. ఆయన ముక్కు ఎప్పుడో చచ్చింది. మూత తీసే సహాయకురాలు మొహం చిట్లిస్తే కంపు, లేకపోతే బాగు. ఎనిమిదేళ్లుగా మెప్పులన్నీ ఆయనకు, ఆమెకు మాత్రం "ఒంటిముక్కు" అనే బిరుదు.

ఆ బిరుదు ఇచ్చిందీ ఆయనే, ఆమె ముక్కు దూలం వంకరపోయిందీ ఆయన వల్లే. ఇనప తలుపు విసురుగా తోశాడు, ఎదురుగా ఆమె. రక్తం ఆగకముందే రిపోర్టులో "ఆమె అజాగ్రత్త" అని రాశాడు. అప్పటినుంచి ఎడమ పక్క గాలాడదు. కడుపు మండదా మరి?

ఇన్నాళ్లకు ఆపరేషన్ చేయించుకుంది. దూలం సరిచేసి, లోపల రెండు ప్లాస్టిక్ రేకులు పెట్టి కుట్టారు. నోటితో ఊపిరి, ఉప్పునీళ్లతో కడగడం, "చీదావంటే చంపేస్తా" అంటూ అక్క కాపలా. రెండు వారాలు వాసన తెలియదని డాక్టరు చెప్పగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"రేపు పనికెళ్తానక్కా."

"మతిపోయిందా? ఎదురుగా అన్నం మాడినా తెలీట్లేదు నీకు!"

"అందుకే వెళ్తున్నా."

మర్నాడు వాసన తెలియదన్న డాక్టరు చీటీ ఆఫీసు గుమాస్తాకిచ్చింది. మూతలు మాత్రం తీస్తానంది. గుమాస్తా దాన్ని ఫైల్లో పెట్టాడు.

"ఇప్పుడు రెండు ముక్కులన్నమాట!" అని సూపర్వైజరు నవ్వాడు.

"ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది సార్."

పన్నెండు పీపాలు. పన్నెండింటిలో ఒకటైనా చెడిపోకుండా ఉండదని ఆమెకు తెలుసు. ప్రతిదాని దగ్గరా మొహం ప్రశాంతంగా పెట్టింది. ఆయన అన్నిటికీ సంతకం గీకేశాడు.

మూడో రోజుకు, ఆ నూనెతో చేసిన సబ్బుల్లో కలిపిన అత్తరు వాసన తగ్గి, కుళ్లు కంపు కొట్టాయి. మేనేజరు ఇద్దరినీ పిలిచాడు. సూపర్వైజరు నోరు జారాడు.

"ఈమె మొహం చిట్లించలేదు సార్!"

"వాసన చూసేది మీరా, ఈమె మొహమా?" మేనేజరు డాక్టరు చీటీ ఆయన ముందుకు తోశాడు. సాయంత్రానికల్లా ఆయన్ని ప్యాకింగులోకి మార్చి, ముక్కు మానగానే చూసుకోమని వాసన గది ఆమెకిచ్చారు. పగ తీరితే ఇంత హాయిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

గేటు దగ్గర ఆయన ఆపాడు.

"వాసన తెలీట్లేదని ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా?"

"మీరు అడగలేదు కదా సార్. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు."