సామ్యేలు కుట్టుకున్న కిల్టు

సామ్యేలు ధవళేశ్వరం వర్కుషాపులో ఫిట్టరు. అతని తండ్రి డంకన్ దొర అదే వర్కుషాపుకు ఫోర్‌మనుగా స్కాట్లాండు నుంచి వచ్చి, కొడుకుకు అయిదేళ్ళప్పుడు కలరాతో పోయాడు. తల్లి లోవమ్మది తుని వైపు. దొర ఇంట్లో వంటకు కుదిరి, తరువాత ఆ ఇంటిదే అయింది. వాళ్ళిద్దరికీ చర్చిలో పెళ్ళి జరగలేదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమె ఎదుట మాత్రం ఎవరూ ఎత్తరు.

దొర వదిలి వెళ్ళిన పెట్టెలో, పురుగు పట్టకుండా వేసిన లంక పొగాకు ఆకుల మధ్య, ఆకుపచ్చా ముదురు నీలం గళ్ళ ఉన్నిబట్ట తాను ఒకటి ఉండేది. స్కాట్లాండులో మగవాళ్ళు పండగలకూ పెళ్ళిళ్ళకూ చర్చికీ నడుం నుంచి మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళు పోసిన బట్ట కట్టుకుంటారు. దాన్ని కిల్టు అంటారు. కొత్తది కుట్టించుకుందామని దొర ఆ తాను తెప్పించుకున్నాడు. కుట్టించుకోకుండానే పోయాడు. పాత కిల్టుతోనే ఆయన్ని సమాధి చేశారు.

1886లో సామ్యేలుకు పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు ప్రసన్నకుమారి, రాజమహేంద్రవరం మిషను బడిలో చదువుకుంది. ఆమె తండ్రి ముసలయ్య అక్కడే చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి. పెళ్ళికి కిల్టు కట్టుకోవాలని సామ్యేలుకు బుద్ధి పుట్టింది.

తానును రాజమహేంద్రవరంలో ఒక దర్జీ దగ్గరికి తీసుకెళ్ళాడు. దర్జీ దాన్ని చాప మీద పరిచి కత్తెర అందుకున్నాడు.

"ముక్కలు కోసి, పైన సన్నంగా కింద వెడల్పుగా అతికిస్తానండి. పరికిణీ లాగే కదండీ?"

సామ్యేలు బట్ట చుట్టేసుకుని ఇంటికి వచ్చేశాడు. జరిగింది చెబితే లోవమ్మ అంది:

"మంచి పని చేశావురా. దొరగారిదానికి ఎక్కడా కోత ఉండేది కాదు. ఆదివారం ఆదివారం ఇస్త్రీ చేసినదాన్ని, నాకు తెలీదా?"

"అయితే నువ్వు చెప్పమ్మా. నేను కుడతాను."

అతను ఇనుము పట్టడమే తప్ప సూది పట్టి ఎరుగడు. మొదటి రోజే మూడు వేళ్ళకు గుచ్చుకుంది. ముందు రెండు చెరగులూ చదునుగా వదిలి, వెనక భాగమంతా రెండేసి వేళ్ళ కొలతతో కుచ్చిళ్ళు పెట్టాడు. వారం రోజులు పట్టింది. లోవమ్మ చూసి తల అడ్డంగా ఊపింది.

"కుచ్చిళ్ళు పెట్టాక కూడా గళ్ళు చెదిరేవి కావురా. విప్పి పరిచిన బట్టలో ఎలా ఉండేవో అలాగే ఉండేవి."

సామ్యేలు కుట్లన్నీ విప్పాడు. ఈసారి వేళ్ళతో కొలవలేదు. మడత దగ్గర ఒక గడి ఎక్కడ ఆగిందో, తరువాతి గడి సరిగ్గా అక్కడి నుంచే సాగేటట్టు మడిచాడు. ఒక్కో కుచ్చిలిలో ఒక గడి మాయమై, పైకి గళ్ళు మళ్ళీ వరసగా నిలిచాయి. అది చూసినప్పుడు అతనికి కొలత తప్పిన ఇరుసు సరిగ్గా కూర్చున్నంత సంతోషమైంది.

బట్ట వెడల్పు దొర పొడుగుకు తగ్గది. సామ్యేలుకు నాలుగు వేళ్ళు ఎక్కువైంది. కింద మడవబోతే లోవమ్మ చెయ్యి పట్టుకుంది.

"కింది అంచు ముట్టుకోకు, పైన మడువు. ఏదీ, మోకాళ్ళ మీద నిలబడు."

అతను మోకరించాడు. ఆమె నేల మీద వంగి చూసింది.

"అంచు నేలకు తగిలీ తగలనట్టుండాలి. దొరగారు ప్రార్థనకు మోకరించినప్పుడు నేను వెనక నుంచి చూసేదాన్ని" అంది.

బిగించుకోడానికి తోలు పట్టీలు, బకిల్సు వర్కుషాపులో తనే చేసుకున్నాడు.

పెళ్ళికి పది రోజుల ముందు ముసలయ్య వచ్చాడు. దండెం మీద కిల్టు చూశాడు. అదేమిటో తెలిశాక కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"తప్పుగా అనుకోకండి బాబూ. మా సంఘంలో మీ అమ్మగారి సంగతి ఇప్పుడిప్పుడే మరిచిపోతున్నారు. ఇది కట్టుకుని వస్తే మళ్ళీ గుర్తుచేసినట్టు కాదాండీ? పంచె కట్టుకుంటే సరిపోతుంది."

"ఆయన చెప్పింది నిజమేరా" అంది లోవమ్మ గుమ్మంలోంచి.

"పెళ్ళి రిజిస్టరులో నా తండ్రి పేరు రాస్తారాండీ?" అని అడిగాడు సామ్యేలు.

"రాయాలి కదండీ."

"రాయించుకునే పేరు దాచుకోవడం ఎందుకండీ?"

ముసలయ్య మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. పెళ్ళి తప్పిపోయిందనుకుని లోవమ్మ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు రాజమహేంద్రవరం నుంచి మనిషి కబురు తెచ్చాడు. ముసలయ్య సంగతంతా కూతురితో చెప్పాడట. ఆమె, "కట్టుకోమనండి. కాళ్ళు కనబడకుండా పొడుగు మేజోళ్ళు మాత్రం వేసుకోమనండి" అందట.

సామ్యేలు మేజోళ్ళు వేసుకునే వెళ్ళాడు. చర్చిలో పిల్లలు నవ్వారు, పెద్దవాళ్ళు పాటల పుస్తకాల్లోకి చూశారు. లోవమ్మ చివరి వరసలో కూర్చోబోతే ముసలయ్య భార్య చెయ్యి పట్టి ముందుకు తీసుకెళ్ళింది. ఆశీర్వాదానికి వధూవరులు మోకరించినప్పుడు వెనక ఒక కుచ్చిలి కుట్లు పటపట తెగాయి. పక్కనున్న ప్రసన్నకుమారికి వినబడింది. పాదిరిగారి ప్రార్థన అయ్యేదాకా సామ్యేలు ఆ చోట చెయ్యి పెట్టుకునే ఉన్నాడు.

మరునాడు ధవళేశ్వరంలో ఆమె కిల్టును ఒళ్ళో వేసుకుని కుట్లు పరీక్షగా చూసింది. బడిలో నాలుగేళ్ళు కుట్టుపని నేర్చిన పిల్ల.

"ఇవి ఎవరు వేశారండీ?"

"నేనే."

"మడతలు బాగా పెట్టారు. కుట్లే బాగాలేవు" అని, అతను చూస్తుండగానే నడుం దగ్గరి దారమంతా లాగేసి, సూదిలోకి కొత్త దారం ఎక్కించింది.