బరువు మోసే పెట్టె

దమ్మపేటలో వెంకటనారాయణగారి ఇంట్లో చిన్నదనేది ఏదీ ఉండకూడదు. గేటు రెండు లారీలు పట్టేంత, మీసం మూతి పట్టనంత, తిట్టు వీధి చివరి దాకా వినపడేంత. అలాంటి ఇంట్లోకి తొంభై ఎనిమిది ఎండాకాలంలో హైదరాబాదు నుంచి హోం థియేటర్ దిగింది. తీరా అట్టపెట్టెలు విప్పి చూస్తే ఐదు స్పీకర్లూ కొబ్బరికాయంతే ఉన్నాయి. వాటితోపాటు బియ్యం డబ్బా అంత నల్లపెట్టె ఒకటి. దాన్ని సబ్‌వూఫర్ అంటారట.

బిగించడానికి ఆంథోనిని పిలిపించారు. ఆంథోని సెంటర్లో రేడియో రిపేరు షాపు నడుపుతాడు, పెళ్లిళ్లకూ చర్చి పండగలకూ మైకు సెట్టు కడతాడు. పదకొండేళ్లుగా అతని షాపు అద్దెకున్న గది, ఆ మలిగి, వెంకటనారాయణగారిదే. ఆ ఇంట్లో అతనికి టీ కూడా ఇస్తారు. కాకపోతే అతని కులం వాళ్ల గ్లాసు వసారా కిటికీ గూట్లో వేరే ఉంటుంది. తాగి, కడిగి, మళ్లీ గూట్లో పెట్టాలి. పనికి హాలు దాకా రావచ్చు, టీకి వసారా దాటకూడదు. అదీ ఆ ఇంటి మర్యాద.

"ఆదివారం కల్లూరు నుంచి మా చెంచురామయ్య బావ వస్తున్నాడు. వాళ్లింట్లో సెట్టు మోగితే కిటికీలు అదురుతున్నాయంట. మనింట్లో గోడలు అదరాలి. అదరకపోతే సోమవారం పొద్దున్నే మలిగి తాళంచెవి తెచ్చి ఇచ్చెయ్యి" అన్నారు వెంకటనారాయణగారు. నవ్వుతూనే అన్నారు. ఆయన నవ్వుతూ అన్నవే నిజమవుతాయని ఊరందరికీ తెలుసు.

ఆంథోని రిమోటు నొక్కితే టీవీ తెర మీద సెట్టు ఒక ప్రశ్న అడిగింది. స్పీకర్లు లార్జా, స్మాలా? అతను కొబ్బరికాయల వంక చూసి స్మాల్ నొక్కబోయాడు.

"ఆగు. అదేంటి?"

"స్పీకర్ సైజు అయ్యా. చిన్నయి గదా, స్మాల్ అని పెడ్తున్న."

"మనింట్లో స్మాలా? చెంచురామయ్య చూస్తే ఇంకేమైనా ఉందా! లార్జ్ పెట్టు."

"గవి తట్టుకోవయ్యా..."

"ఐదూ లార్జే!"

పెట్టాడు. గుర్రాలు పరుగెత్తే సినిమా ఒకటి వేశారు. గిట్టల చప్పుడుకు చిన్న స్పీకర్లు పగిలిన డప్పులాగా బర్రుమన్నాయి. నల్లపెట్టె నోరు మూసుకుని కూర్చుంది. బరువైన మోతంతా మేమే మోస్తామని లార్జులు చెప్పాక దానికి పనేముంది? పెట్టె చెడిపోయిందని వెంకటనారాయణగారు తీర్పు చెప్పారు.

ఆంథోని లెక్కేసుకున్నాడు. ఇంకో గంట ఇలాగే మోగితే స్పీకర్లు చిరుగుతాయి, తప్పు తన నెత్తికే చుట్టుకుంటుంది, తాళంచెవి పోతుంది. సినిమా ఆపి నెమ్మదిగా అడిగాడు.

"అయ్యా, మిర్చి బస్తాలు మీరు మోస్తరా?"

"నేనెందుకు మోస్తానురా?"

"గదే అయ్యా. లార్జంటే బస్తాలు సుత తనే మోసేటోడు. స్మాలంటే మాటొక్కటే తనది. మోసుడంతా గా మూలకున్న నల్లపెట్టెది."

వెంకటనారాయణగారి మొహం చేటంత అయింది. "ముందే చెప్పవేంరా మరి! ఐదూ స్మాల్ పెట్టు. ఒక్కటి కూడా లార్జ్ ఉండటానికి వీల్లేదు!"

ఇక ఎక్కడి దాకా మాట, ఎక్కడి నుంచి మోత అనేది తేల్చాలి. ఆంథోని కళ్లు మూసుకుని అవే గుర్రాలను పదిసార్లు పరుగెత్తించాడు. తెర మీద హద్దు అంకె ఎనభై హెర్ట్జ్ దగ్గర పెడితే చిన్నవి ఇంకా రొప్పుతున్నాయి. నూట ఇరవై దగ్గర తేలికపడ్డాయి. దానికంటే కింది మోతంతా నల్లపెట్టెకు అప్పగించాడు. అంతే, గిట్టల చప్పుడు నేలలోంచి లేచి ఛాతీలో దూరింది. వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమంటే వెంకటనారాయణగారి భార్య పద్మావతమ్మగారు గరిటెతో సహా బయటికి వచ్చారు. ఆంథోనికి ఆనందంతో కళ్లు చెమర్చాయి.

ఆదివారం చెంచురామయ్య వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఆంథోని వసారా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సినిమా వేశారు, గుర్రాలు వచ్చాయి. కోడిపిల్లలు గింజలు ఏరుతున్నట్టు టిక్కుటిక్కుమన్నాయి.

"బావా, అవి గుర్రాలా, కోళ్లా?" అన్నాడు చెంచురామయ్య.

"ఆంథోనీ! తాళంచెవి జేబులోనే ఉందా?" వెంకటనారాయణగారు ఈసారి నవ్వలేదు.

ఆంథోని తొంగి హాలు మూలకు చూశాడు. మూల ఖాళీగా ఉంది.

"అయ్యా, నల్లపెట్టె ఏది?"

"కొట్టంలో పెట్టించా. మోసేవాడికి హాల్లో ఏం పనిరా? నువ్వేగా చెప్పావు!"

తన మాట తనకే తగిలి ఆంథోనికి ఒళ్లు మండింది.

"మోసేటోన్ని కొట్టంల కట్టేస్తే మీ మాట గిట్లనే ఉంటదయ్యా" అన్నాడు.

చెంచురామయ్య పగలబడి నవ్వాడు. వెంకటనారాయణగారు కక్కలేక మింగలేక "తీసుకురా" అన్నారు. కొట్టంలో పశువులను చూసుకునే చాంది, ఆంథోని కలిసి పెట్టెను మోసుకొచ్చారు. చాంది దాని మీది తవుడు కొంగుతో దులిపి, "గింత బరువుందేంది!" అని వెళ్లిపోయింది. ఆంథోని వైరు తగిలించాడు. గోడలు అదిరాయి.

చెంచురామయ్య సోఫా వదిలి, కుర్చీ లాక్కుని పెట్టె పక్కన కూర్చుని దాని మీద చెయ్యి వేశాడు. "ఆంథోనీ, మా సెట్టు కూడా చూద్దువుగాని. కల్లూరు సెంటర్లో నాకో మలిగి ఖాళీగానే ఉంది."

"వాడికి ఇక్కడి మలిగి ఉందిగా! వాణ్ని ఖాళీ చెయ్యమన్నదెవరు?" అన్నారు వెంకటనారాయణగారు గబగబా.

పద్మావతమ్మగారు సోఫా వాళ్లకు కప్పుల్లో టీ ఇచ్చి, గూట్లోని గ్లాసులోనూ పోశారు. ఆంథోని వసారాలోకి వెళ్లి గ్లాసు తీసుకున్నాడు. రోజూ లాగా అక్కడే నిలబడలేదు. హాల్లోకి వచ్చి, పెట్టె పక్కన నేల మీద కూర్చుని, గ్లాసు పెట్టె మీద పెట్టాడు.

పద్మావతమ్మగారు భర్త వంక చూశారు. ఆయన నోరు తెరిచారు. పెట్టె వంక, దాని మీదున్న బావ చెయ్యి వంక చూశారు. తెరిచిన నోరు మూసుకున్నారు. ఇప్పుడు వైరు ఊడితే మళ్లీ కోడిపిల్లలే.

గుర్రాలు పరుగెడుతున్నాయి. గ్లాసులో టీ వణుకుతోంది. ఆంథోని తాగడానికి తొందరపడలేదు.