ఒక కొమ్ము, ఒక ఒత్వం

మంద వేరు, మందు వేరు. రాతలో రెంటికీ తేడా ఒక్క కొమ్ము. నోటితో అనేటప్పుడు ఆ కొమ్మూ నిలబడదు. "మందేమన్నా" అన్నామంటే అది గొర్రెల మందో పురుగుమందో వెనక వచ్చే మాటే చెప్పాలి. గొర్రెలు కాసేవాడికీ పత్తి పండించేవాడికీ రోజూ నోట్లో నలిగే మాటలు ఈ రెండూ. ఇన్నేళ్ళూ కొంప మునగకపోవడమే విచిత్రం. ఈ ఫిబ్రవరిలో మునిగింది.

బాపయ్యది కనిగిరి అవతల మెట్ట ఊరు. చలి తగ్గేసరికి అక్కడ గడ్డి అయిపోయి రాళ్ళు మిగులుతాయి. అప్పుడు తన నూట పది గొర్రెల్నీ, పెళ్ళాం హనుమాయమ్మనీ వెంటబెట్టుకుని గుంటూరు వైపు నడుస్తాడు. ప్రత్తిపాడులో ఎలీషా కౌలుకు చేసే మూడెకరాల చేను పంతొమ్మిదేళ్ళుగా అతని మజిలీ. పత్తి తీతలు అయిపోయాక మిగిలిన ఆకూ, గిడసబారిన కాయా గొర్రెలు తింటాయి. రాత్రికి అక్కడే పడుకుంటాయి. తెల్లారేసరికి చేనంతా పెంట. దీన్నే మంద కట్టడం అంటారు. మంద కట్టిన చేను రెండేళ్ళపాటు పుష్టిగా ఉంటుంది. ఎండ ఆకులోకి, ఆకు గొర్రెలోకి, గొర్రె పెంట మట్టిలోకి, మట్టి బలం మళ్ళీ పత్తిలోకి. గొర్రెల కాళ్ళకి లేచిన పురుగుల కోసం తెల్లకొంగలు వెంట నడిచేవి, పసులపోలిగాడు పిట్ట వాటి వీపెక్కి ఊరేగేది. ఎవరి వంతు వాళ్ళకి దొరికేది. చదువుకున్నవాళ్ళు దీనికి ఏదో పేరు పెట్టే ఉంటారు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదానికి పేరెందుకనుకుని బాపయ్య ఎప్పుడూ అడగలేదు.

చిలకలూరిపేట దాటాక హైవే పక్కన మందని ఆపి ఎలీషాకి ఫోన్ చేశాడు. ఏటా అడిగేదే అడిగాడు. మందు కొట్టిన చేలోకి గొర్రెని తోలకూడదని బాపయ్య తండ్రి కర్ర చేతికిచ్చిన రోజునే చెప్పాడు.

"మందేమన్నా కొట్టారా తమ్ముడూ?"

సరిగ్గా అప్పుడే ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. ఉన్న ఒక్క ఒత్వాన్నీ అది మింగేసింది. ఎలీషాకి "మందేమన్నా కట్టారా" అని వినపడింది. వేరేవాళ్ళ గొర్రెల్ని కట్టించుకున్నావా అని అడుగుతున్నాడనుకున్నాడు.

"లేదన్నా. నీకోసమే ఉంచా. వచ్చెయ్."

ఎలీషా చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం సులువయ్యేది. ముందురోజే అతను ఆ చేనంతా మందు కొట్టి ఉన్నాడు. చివర్లో పట్టిన కాయని గులాబీ పురుగు తినేస్తుంటే, ఇంకో తీత దక్కుతుందేమోనని ఆశపడ్డాడు. సాయంత్రం కాయ చీల్చి చూస్తే పురుగు లోపల నిక్షేపంగా ఉంది. ఛీ అనుకుని చేను వదిలేశాడు. మందు కొట్టిన సంగతీ దాంతోపాటే వదిలేశాడు. ఈ పంటకి అది పధ్నాలుగోసారి. ఎన్నోదని గుర్తుపెట్టుకుంటాడు?

రెండోరోజు మధ్యాహ్నానికి మంద చేను చేరింది. ఎలీషా భార్య రెబ్కా అన్నం, గోంగూర పచ్చడి పట్టుకొచ్చి గట్టు మీద వడ్డించింది. పాలు తాగే పిల్లలు పధ్నాలుగుంటే, హనుమాయమ్మ తుమ్మచెట్టు కింద వల కట్టి వాటిని అందులో వదిలింది. బాపయ్య అలవాటుగా ఒక ఆకు తుంచి నలిపి వాసన చూశాడు. మందు వాసన వచ్చింది. కానీ ఆ గాలే మందు వాసన. నాలుగు వైపులా మిరప తోటలు, నాలుగు వైపులా వీపున ట్యాంకులు కట్టుకున్న మనుషులు. ఈ ఆకుది ఏదో, పక్క తోటది ఏదో అతని ముక్కు తేల్చలేకపోయింది. ఎలీషా నోటితో లేదన్నాక ఇంకేమిటని గొర్రెల్ని వదిలాడు.

ఒక్క కొంగ కూడా రాలేదు. అది మాత్రం అతను గమనించాడు. అన్నం తింటూ రెండుసార్లు తలెత్తి చూశాడు.

పొద్దు వాలకముందే మొదటి గొర్రె నోట చొంగ కారుస్తూ తూలింది. తర్వాత నాలుగు. ఆ తర్వాత ఎన్నో చెప్పడానికి లేదు. వణుకుతూ, కాళ్ళు మడతపడి, ఊపిరి అందక మెడలు చాపి పడిపోతున్నాయి. బాపయ్య కర్ర పారేసి ఒక్కోదాన్నీ చేతుల్లోకి ఎత్తుకుని చేలోంచి బయటికి మోశాడు. ఎలీషా మోశాడు. రెబ్కా మోసింది. బయటికి మోసినవీ చచ్చాయి. పశువుల డాక్టరు బండి మీద వచ్చాడు గానీ ఆయన దగ్గరున్న సూదులు పాతిక గొర్రెలకి కూడా చాలలేదు. దేనికి వెయ్యాలో మీరే చూపించండి అన్నాడు. బాపయ్య చెయ్యి ఎటూ లేవలేదు.

"అడిగా కదరా నిన్ను," అన్నాడు ఎలీషాతో. "మందేమన్నా కొట్టారా అని అడిగా కదా."

"కట్టారా అని వినపడిందన్నా. ప్రభువు సాక్షి. నువ్వు మంద సంగతి అడిగావనుకున్నా."

బాపయ్య అతని చొక్కా పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి కాసేపటికి అదే జారిపోయింది. తిట్టడానికి ఒక దుర్మార్గుడైనా దొరికితే మనిషికి కొంత ఊరట. అతనికి అదీ లేకపోయింది.

తెల్లారేసరికి ఎనభై నాలుగు పోయాయి. మిగిలిన ఇరవై ఆరూ నిలబడ్డాయే గానీ మేత ముట్టడం లేదు.

ఎలీషా జేసీబీ తెచ్చి చేను మూలన గొయ్యి తవ్వించాడు. అది వచ్చేలోగా కాకులు దిగాయి, ఊరకుక్కలు వచ్చాయి. ఉబ్బిన పొట్టల్లో ఉన్నది ఆ ఆకే. బాపయ్య రాళ్ళు రువ్వుతూ వాటిని తరిమాడు. ఇన్నాళ్ళూ కుక్కల నుంచి గొర్రెల్ని కాపాడిన మనిషి, ఇప్పుడు గొర్రెల నుంచి కుక్కల్ని కాపాడాల్సి వచ్చింది. అయినా మధ్యాహ్నానికి గట్టు కింద రెండు కాకులు వెల్లకిలా పడి ఉన్నాయి. వాటినీ తీసుకొచ్చి గోతిలో వేశాడు. కూడు నడిచే దారి ఒకటే ఉంటుంది. దాని మీద ఏది నడిపిస్తే అదే నడుస్తుంది.

ఇక మిగిలింది వలలోని పిల్లలు. అవి ఆకు ముట్టలేదు. మేత ముట్టని పెద్దవాటి మీద నమ్మకం లేదు, మంద మళ్ళీ మొదలవ్వాలంటే వీటితోనే. తల్లులు తొమ్మిది పోయాయి, ఐదు ఉన్నాయి. ఆ ఐదింటినీ చూసి డాక్టరు చెప్పిన మాట హనుమాయమ్మకి మొదట అర్థం కాలేదు.

"పది రోజులపాటు పిల్లల్ని వదలొద్దమ్మా. పాలల్లోకి కూడా మందు దిగి ఉంటుంది. పిండి పారబొయ్యండి."

"పిల్లలేం తాగాలి బాబూ?"

ఆయన బండి స్టార్ట్ చేశాడు.

రెబ్కా తమ బర్రె పాలు సీసాల్లో పోసి, రోజుకి ఆరుసార్లు తెచ్చింది. ఇంట్లో పిల్లలకి చుక్క మిగల్చలేదు. ఒక్కో గొర్రెపిల్లనీ ఒళ్ళో పెట్టుకుని, రబ్బరు పీక నోట్లో దూర్చి, "తాగు నాన్నా, తాగు" అని బతిమాలింది. కొన్ని ఉమ్మేశాయి. తాగినవాటికి ఆ పాలు పడక పారుడు పట్టుకుంది. రెండోరోజు నాలుగు పోయాయి. మూడోరోజు ఏడు.

తల్లులు వల చుట్టూ తిరిగాయి. పొదుగులు రాయిలా గట్టిపడ్డాయి. బాపయ్య ఒక్కోదాన్నీ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పొద్దునా సాయంత్రమూ నేలమీదికి పిండాడు. వల అవతల ఆకలితో అరిచే పిల్లల ఎదుటే పాలు మట్టిలోకి పిండడం తను జీవితంలో చేసిన పనులన్నిట్లోకీ నీచమైనదని అతనికి అనిపించింది. పాల తడికి చీమలు చేరబోతే కాలితో మట్టి కప్పాడు.

నాలుగోరోజు పొద్దున మూడు పిల్లలు మిగిలాయి. మూడింటికీ తల్లులున్నాయి. తల్లి గొంతు వినపడుతున్నందుకే నిలిచాయంది హనుమాయమ్మ. ఇప్పుడు అరవడం లేదు. అరిచే ఓపిక పోయింది. ఒకటి తల నేలకి ఆనించి పడుకుంది, కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

హనుమాయమ్మ లేచి వెళ్ళి వల ముడి విప్పింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు బాపయ్య.

"కనపట్టంలా?"

"ఆ పాలు తాగితే చస్తాయి."

"తాగకపోతే?"

బాపయ్య వలకీ గొర్రెలకీ మధ్య నిలబడ్డాడు. డాక్టరు పది రోజులన్నాడు. ఇవాళ నాలుగోది. ఇంకో ఆరు రోజులు ఆ పిల్లలు ఉండవని అతనికి తెలుసు. రెండు వైపులా చావే ఉంది. ఆమె ముఖం చూశాడు, ఆ పడుకున్నదాన్ని చూశాడు, పక్కకి తప్పుకున్నాడు.

లేవలేని పిల్లని హనుమాయమ్మే ఎత్తుకుని తల్లి పొదుగు కింద నిలబెట్టి పట్టుకుంది. మిగతా రెండూ తూలుకుంటూ వెళ్ళి ముంగాళ్ళ మీద వంగి అందుకున్నాయి. తోకలు టపటపా ఊగడం మొదలెట్టాయి. తల్లులు కదలకుండా నిలబడి పిల్లల్ని వాసన చూసుకున్నాయి.

అంతలో ఎలీషా సీసాలతో గట్టెక్కాడు. చూశాడు. సీసాలు కింద పెట్టి, పిల్లల్ని లాగెయ్యడానికి పరుగెత్తుకొచ్చాడు. బాపయ్య అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండు తమ్ముడూ," అన్నాడు. "కడుపు నిండనీ."

ఎలీషా అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాడు. బాపయ్య అతని పక్కన కూర్చున్నాడు, పాలు తాగే పిల్లలకేసి వీపు పెట్టి.