ఆ జబ్బుకు ఇంట్లో పెట్టిన పేరు

తెనాలిలో చర్మవ్యాధుల డాక్టరు ఫ్లోరెన్స్‌కు విషయం దాచకుండా చెప్పింది. మర్మాంగం దగ్గర వచ్చిన పుండ్లు హెర్పీస్. మాత్రలు వాడితే మానతాయి. వైరస్ మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. పుండ్లు మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు.

"ఎవరి నుంచి వచ్చిందండి?" అని ఫ్లోరెన్స్ అడిగింది.

"అది ఏ పరీక్షా చెప్పదమ్మా. కొంతమందికి ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండి ఇప్పుడు బయటపడుతుంది. మీ వారికి ఉండి ఆయనకే తెలియకపోవచ్చు. ఇవాళ బయటపడిందని నిన్న ఎవరో తప్పు చేశారనుకోవద్దు. ఆయన్ని తీసుకురండి. ఇద్దరికీ కలిపి చెప్తాను."

ఫ్లోరెన్స్ భట్టిప్రోలు హైస్కూల్లో సైన్సు టీచరు. డాక్టరు చెప్పింది ఆమెకు అర్థమైంది. రేపల్లె రైల్లో కూర్చున్నాక ఇంట్లో ఎలా చెప్పాలో అర్థం కాలేదు.

భర్త ఎజ్రా బాపట్లలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తాడు, రేపల్లె నుంచి రోజూ బస్సులో వెళ్ళొస్తాడు. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. కూతురు దీవెన గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఎజ్రా తల్లి మంగాయమ్మ మంచం హాల్లో, వాళ్ళ పడకగది తలుపు పక్కనే ఉంటుంది. అందుకని ఫ్లోరెన్స్ ఆరేసిన బట్టలు తీసే వంకతో ఎజ్రాను డాబా మీదికి పిలిచింది. డాక్టరు చెప్పిన మాటలు చెప్పింది.

"నాకేం లేదు," అన్నాడు ఎజ్రా.

"ఉండి తెలియకపోవచ్చంట."

"పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్ళి వారం ఉన్నావు గదా."

ఫ్లోరెన్స్ చేతిలో దుప్పటి సగం మడతలో ఆగింది. "ఉన్నాను. నా గదిలో మార్తమ్మ మేడం, ఆవిడ గురక. ఇంకెవరున్నారని మీ అనుమానం?"

"నేనేం అనలేదు."

"అన్నారు. ఒకసారి డాక్టరు దగ్గరికి రండి."

"నేను ఆ హాస్పిటల్ మెట్లెక్కితే మధ్యాహ్నానికల్లా మా ఆఫీసులో తెలిసిపోద్ది. మన ఊళ్ళ సంగతి నీకు తెలీదా?"

కింది నుంచి మంగాయమ్మ కేకేసింది. "బట్టలు తీయడానికి ఇద్దరెందుకర్రా? పొయ్యి మీద అన్నం మాడిపోతంది!"

మాట అక్కడితో ఆగింది. ఎజ్రా దిగి వెళ్ళాడు. గుంటూరు మాటను మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ రాత్రి నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తనకు కావలసింది ఏమిటో ఫ్లోరెన్స్‌కు తెలుసు. అతను డాక్టరు ముందు కూర్చోవాలి, ఆ అనుమానం తన మీది నుంచి తీసెయ్యాలి. అది అడగడానికి ఆ ఇంట్లో చోటు లేదు.

మాత్రల ఖాళీ అట్ట మంగాయమ్మకు చెత్తబుట్టలో దొరికింది. ఆమె దాన్ని తీసుకుని వీధి చివర మందుల షాపుకు వెళ్ళింది. షాపతను చూసి, "అక్కికి వాడతారు మామ్మగారూ," అన్నాడు. అబద్ధం కాదు. ఒంటికి ఒక పక్కన బారుగా పొక్కులు లేచే అక్కికి కూడా ఆ మాత్రే ఇస్తారు.

"అక్కి వచ్చిందని చెప్పొచ్చుగదే," అంది మంగాయమ్మ ఇంటికొచ్చి. "దొంగసొమ్ము దాచినట్టు దాచుకోడమేంటి?"

ఫ్లోరెన్స్ ఎజ్రా వైపు చూసింది.

"అవునమ్మా. అక్కే," అన్నాడు ఎజ్రా.

బుధవారం చర్చిలో స్త్రీల సమాజం కూడినప్పుడు మంగాయమ్మ కోడలి అక్కి కోసం ప్రార్థన చేయించింది. ఆ తర్వాత వీధిలో ఎదురైన వాళ్ళందరూ ఎక్కడ వచ్చిందని అడిగారు. నడుం మీద అని ఫ్లోరెన్స్ చెప్పింది. "చుట్టూ తిరిగి రెండు కొసలూ కలవలేదుగా? కలిస్తే మనిషి దక్కదు," అంది ఒకావిడ. కబురు స్కూలుకూ చేరి, తోటి టీచరు తన కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి గుమ్మంలో మంగాయమ్మ పిలిపించిన కుమ్మరి కోటమ్మ కూర్చుని ఉంది. కొబ్బరి చిప్పలో జేగురు అరగదీస్తోంది. అక్కి లేచినచోట కుమ్మరివాళ్ళ చేత ఆ ఎర్రమట్టితో సింహం బొమ్మ రాయించుకుంటే తగ్గుతుందని చుట్టుపక్కల నమ్మకం.

"చర్చిలో తెలిస్తే బాగోదు, అత్తయ్యా," అంది ఫ్లోరెన్స్.

"పాస్టరయ్యగారికి నువ్వు చెప్తావా ఏంటి? మట్టి రాసుకుంటే పాపమా? పండక్కి గోడలకి సున్నం వెయ్యట్లా?"

ఫ్లోరెన్స్‌ను పడకగదిలో మంచం మీద బోర్లా పడుకోబెట్టారు. కోటమ్మ ఆమె నడుం చూసి, "ఇక్కడేం కనపడట్లేదే!" అంది. మంగాయమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగింది. ఎజ్రా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మాత్రలకి తగ్గింది," అంది ఫ్లోరెన్స్ దిండులోకి.

"పైకి తగ్గుద్ది. లోపలుంటది," అని కోటమ్మ పుల్ల ముంచి గీయడం మొదలుపెట్టింది. జేగురు చల్లగా తగిలింది.

"సింహమన్నావు, పిల్లిలా ఉందేంటే?"

"ముందు మీ కళ్ళజోడు మార్పించుకోండి మామ్మగారూ."

ఏ పొక్కూ లేని చోట తోక, జూలు, నాలుగు కాళ్ళూ లేచాయి. ఫ్లోరెన్స్ తల తిప్పి తలుపు వైపు చూసింది.

"ఆయనకి కూడా రాయి, కోటమ్మా."

"నాకెందుకు?" అన్నాడు ఎజ్రా.

"ఒకే మంచం మీద పడుకుంటాం గదా."

"అదీ నిజమేరా," అంది మంగాయమ్మ. "చొక్కా విప్పు. నెత్తిన వెంట్రుకలు నెరిసినా మందంటే పారిపోతావేంటి?"

ఎజ్రా చొక్కా విప్పి మంచం రెండోవైపు బోర్లా పడుకున్నాడు. కోటమ్మ పుల్ల పట్టుకుని ఆగింది. "నీకెప్పుడన్నా లేచిందా బాబూ? లేస్తే ఆ చోటే రాయాలి."

'లేదు' అని ఉంటే సరిపోయేది. ఫ్లోరెన్స్ అతని ముఖం చూస్తోంది. ఇద్దరి మధ్య జానెడు దూరం.

"ఒకసారి లేచింది," అన్నాడు.

"ఎప్పుడ్రా? నాకు తెలీకుండా?" అంది మంగాయమ్మ.

"బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు. ఫ్రెండ్స్‌తో సూర్యలంక వెళ్ళొచ్చాక. అక్కడ రూము తీసుకున్నాం."

"సముద్రంలో తానం చేస్తే అక్కి వస్తదా?"

"ఆరెంపీ డాక్టరు వేడి పొక్కులన్నాడు. వాటంతటవే పోయినాయి. పెళ్ళయ్యాక కూడా రెండుసార్లు వచ్చినాయి."

"ఎక్కడ బాబూ?" అంది కోటమ్మ.

ఎజ్రా నడుం చూపించాడు.

మంగాయమ్మకు అది అక్కి గురించిన మాట. ఫ్లోరెన్స్‌కు కాదు. సూర్యలంకలో ఆ రూముకు స్నేహితులు మాత్రమే వచ్చి ఉంటే, ఎజ్రాకు పొక్కులు దాచుకునే పని ఉండేది కాదు. అది పెళ్ళికి ముందు సంగతి. ఆ జబ్బు పేరు అతనికి అప్పుడు తెలియకపోవచ్చు. డాబా మీద తెలుసు. తెలిసే గుంటూరు మాట అన్నాడు. ఆమె అరవాలనుకుంది. కానీ మంచం పట్టె మీద అత్తగారి చెయ్యి ఉంది.

"ఆరేదాకా ఇద్దరూ కదలమాకండి," అని కోటమ్మ లేచింది. మంగాయమ్మ ఆమెకు కాఫీ ఇవ్వడానికి వంటింట్లోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

"నాకప్పుడు అదేంటో తెలీదు," అన్నాడు ఎజ్రా మెల్లగా.

"డాబా మీద?"

ఎజ్రా వంటింటి వైపు చూశాడు.

"భయమేసింది. నువ్వు వదిలేస్తావనుకున్నా."

"అందుకని నా మీద పెట్టారా?"

అతను ముఖం దుప్పటిలోకి దించుకున్నాడు.

"తెనాలి వస్తున్నారు," అంది. "డాక్టరు ముందు మీ నోటితో మీరే చెప్పాలి. అక్కి అనకుండా."

"అమ్మకేం చెప్దాం?"

"ఆ పేరు ఖాయం చేసింది మీరు. మీరే చూసుకోండి."

వంటింట్లోంచి మంగాయమ్మ గొంతు వినిపించింది. "గుసగుసలు ఆపండర్రా! కదిలితే బొమ్మ చెరిగిపోద్ది!"

ఫ్లోరెన్స్ లేచింది. జేగురు పగిలి పెళ్ళలుగా దుప్పటి మీద రాలింది. ఆమె వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది.

"పట్టపగలు ఆ తలుపేంటే?" అంది మంగాయమ్మ అవతల నుంచి.

ఫ్లోరెన్స్ తలుపుకు ఆనుకుని నిలబడింది. "మొదటి నుంచీ చెప్పండి," అంది.

ఎజ్రా నడుం మీద రంగు ఇంకా తడిగానే ఉంది. అలాగే బోర్లా పడుకుని, కదలకుండా, చెప్పడం మొదలుపెట్టాడు.