ఎత్తకూడని మాట

నేరం రుజువైందని జడ్జి పొద్దున్నే చెప్పేశారు. ఇక తేలాల్సింది శిక్ష. అది మధ్యాహ్నం చెప్తారట. అనంతయ్య పొలంలో గొర్లు పడ్డ గొడవలో కాశమ్మ పెనిమిటి దేవప్ప కర్ర ఎత్తాడు, అనంతయ్య చెయ్యి విరిగింది. ఇప్పుడు దేవప్ప లోపల పోలీసుల మధ్య, కాశమ్మ వికారాబాద్ కోర్టు వరండాలో.

వకీలు వెంకటేశ్వర్ చంకలో పదకొండు ఫైళ్లతో వచ్చాడు. "ఫికర్ చెయ్యకమ్మా. మొదటి తప్పయితే, పూచీకత్తు మీద ఇంటికి పంపుమని అడుగుత. ఇంతకుముందు ఎన్నడన్న శిక్ష పడ్డదా?" ఎప్పుడో అడగాల్సిన మాట అది. పెద్దమనిషికి ఇప్పుడు తీరింది.

మూడేళ్ల కింద తాండూరు సంతలో దేవప్ప ఈరయ్య తల పగలగొట్టాడు. కోర్టులో తప్పయిందని ఒప్పుకొని, జుర్మానా కట్టి బయటపడ్డాడు. తర్వాత కులపెద్దల ముందు తన తలకు చుట్టిన రుమాలు తీసి ఈరయ్య కాళ్ల దగ్గర పెట్టాడు. ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. వాళ్లలో అలా తిన్నాక ఆ మాట మళ్లీ ఎవరెత్తితే వాళ్లదే తప్పు.

"పడలె సారూ," అంది కాశమ్మ. అబద్ధమాడినట్టు ఆమెకు అనిపించనే లేదు. పక్కనున్న ఈరయ్య కూడా కిమ్మనలేదు. పూచీకత్తు మీద సంతకం పెట్టడానికి వచ్చింది ఆయనే.

లోపల వెంకటేశ్వర్ ధీమాగా ఇదే మొదటిసారి అన్నాడు. సర్కారు వకీలు తొందరపడకుండా లేచి ఒక కాయితం అందించాడు. తాండూరు తీర్పు నకలు. జడ్జి దాన్ని రెండుసార్లు చదివారు.

"నాలుగేళ్లు."

వెంకటేశ్వర్ ఆమె వైపు కోపంగా చూశాడు. "నాకు ముందే చెప్తే ఇంకో తీరుగ అడుగుతుంటి గదమ్మా! అప్పీలుకు పోదం. కని గా కాయితం ఆడికి గూడ వస్తది."

పోలీసులు దేవప్పను వరండాలోంచి తీసుకుపోతున్నారు. ఆయన కళ్లు ఈరయ్య మీదే ఉన్నాయి.

"ఒక్క పళ్లెంల తిన్నం గదరా ఈరయ్యా. ఎట్ల ఎత్తబుద్ధయిందిరా?"

ఈరయ్య చేతిలో పూచీకత్తు కాయితాలు అలాగే ఉన్నాయి.

"ఆయిన గాదయ్యా! ఎవ్వలం ఎత్తలే! నేను ఎత్తకనే గిట్లయింది!" అని కాశమ్మ వెనకాలే పరుగెత్తింది. ఆమె మెట్లు దిగేసరికి వ్యాను తలుపు మూసేశారు.