చిన్నకోడలికి లేని ఆనవాయితీ

తెల్లవారి లేవగానే దేవుడి పటానికి దండం పెట్టుకోవడం మన పెద్దలు నేర్పిన అలవాటు. నాంచారమ్మ మాత్రం లేవగానే పక్కింటి వాకిలి చూసేది. చూశాకే కల్లాపి చల్లేది. అక్కడ తోడికోడలు దీప్తి వేసిన ముగ్గు చిన్నదైతే ఆ పూట నాంచారమ్మకు కాఫీ రుచిగా ఉండేది. పెద్దదైతే తన ముగ్గు వేశాక కూడా డబ్బా మళ్లీ బయటికొచ్చేది, దాని చుట్టూ ఇంకో వరస తీగలు సాగేవి. దారిన పోయేవాళ్లకు అదంతా భక్తి. "పెద్దకోడలికి ఎంత శ్రద్ధో చూడండి" అని మెచ్చుకుంటూ పోయేవాళ్లు. ఆ శ్రద్ధ ఎవరి మీదో వాళ్లకేం తెలుసు?

ప్రత్తిపాడుకు దగ్గర్లో, పత్తి, మిరప తప్ప మూడో మాట పెద్దగా వినిపించని ఊరు అది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. అంకారావు, ఉదయ్ కుమార్ సొంత అన్నదమ్ములు. తండ్రి ఇచ్చిన ఇంటికి నడుమ గోడ పెట్టుకుని చెరోవైపు ఉంటున్నారు. పొలాలు కూడా పక్కపక్కనే. గోడ ఇటుకలదే గానీ అన్నదమ్ముల మనసుల్లో ఏ అడ్డూ లేదు. ఉన్నదల్లా అంకారావు భార్య నాంచారమ్మ మనసులోనే.

దీప్తి పర్చూరు నుంచి కాపురానికి రాకముందు ఆ వీధిలో ఏ పేరంటమైనా నాంచారమ్మ వచ్చి కూర్చున్నాకే మొదలయ్యేది. మంగళహారతి ఆవిడే పాడాలి. గొంతు కాస్త బొంగురే, అయినా ఎవరూ అనేవాళ్లు కాదు. దీప్తి వచ్చిన ఏడాది కార్తీకమాసంలో ఒకరింట హారతి వేళ నాంచారమ్మ గొంతు సవరించుకుంటుంటే, ఎవరో వెనకనుంచి, "ఈసారి కొత్తపిల్లను పాడనీయండి వదినా" అన్నారు. దీప్తి పాడింది. పాట అయ్యేసరికి గదిలో ఒక్కరూ కదల్లేదు. నాంచారమ్మ కూడా కదల్లేదు, కానీ ఆవిడ కారణం వేరు. కడుపులో మంట మొదలైంది అప్పుడే.

అసూయకు మడీ ఆచారం లేవు. అది కాళ్లు కడుక్కోకుండానే పూజగదిలోకి వచ్చేస్తుంది. దీప్తి తులసికోటకు సున్నం వేస్తే నాంచారమ్మ రంగులు వేయించేది. దీప్తి శనివారం ఒంటిపూట ఉంటే, నాంచారమ్మ శనివారంతో పాటు సోమవారం కూడా ఉండేది. దీప్తికి ఈ పోటీ సంగతి తెలియనే తెలియదు. తెలియకపోవడం చూసి నాంచారమ్మకు ఇంకా ఒళ్లు మండేది.

శ్రావణమాసం వచ్చింది. దీప్తి గోడ పక్క దారిలోంచి వచ్చి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"అక్కా, వరలక్ష్మీ వ్రతం ఎట్లా పట్టుకోవాలో చెప్తావా? అత్తయ్యగారు ఉంటే ఆవిడే పట్టించేవారంట. మా అమ్మ నిన్నడగమంది."

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఈ అన్నదమ్ముల తల్లి, ఉదయ్ పెళ్లికి ముందే కన్నుమూసిన ఆ పెద్దావిడ, మంచంలో ఉండగా నాంచారమ్మ చెయ్యి పట్టుకుని, "నీకు నేను పట్టించినట్టే చిన్నదానికి నువ్వు పట్టించాలే. ఆనవాయితీ ఇద్దరిదీ" అని చెప్పి పోయింది. ఆ మాట విన్నది నాంచారమ్మ ఒక్కతే.

"నీకు లేదమ్మాయ్" అంది నాంచారమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా. "మన వంశంలో పెద్దకోడలికే ఆనవాయితీ. చిన్నకోడలు కలశం పెడితే ఇంటికి మంచిది కాదు. ఆ రోజు పూజగది గడప కూడా తొక్కకూడదు. బయట కూర్చుని కథ వినొచ్చు."

"అట్లాగా" అంది దీప్తి. ఎదురు ప్రశ్న వేయలేదు. పెద్దవాళ్లు ఆనవాయితీ అంటే ఇంక దానిమీద మాటేముంటుంది? వెళ్లిపోతున్న పిల్ల ముఖం చిన్నబోవడం నాంచారమ్మ ఓరకంట చూసింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆ అబద్ధం ఏటేటా కాపు కాసే చెట్టయింది. ప్రతి శ్రావణంలో నాంచారమ్మ కలశం పెట్టేది. దీప్తి ముందురోజే వచ్చి మామిడాకులు కట్టి, బూర్లకు పప్పు రుబ్బి, వ్రతం వేళకు గడప ఇవతల చాప మీద కూర్చునేది. నాంచారమ్మ వాయనం అందరికీ ఇచ్చి దీప్తికి ఇచ్చేది కాదు. అడిగినవాళ్లకు, "ఇంటిమనిషికి వాయనమేంటి?" అనేది.

అలా కొన్నేళ్లు గడిచాక, ఒక ఏడు వ్రతం శుక్రవారం ఇంకా రెండు రోజులుందనగా గాజుల మస్తాన్‌బీ వచ్చింది. ఈ వీధి ఆడవాళ్లందరి చేతులూ ఆవిడకు చిన్నప్పటినుంచీ తెలుసు. నాంచారమ్మ చేతికి పచ్చగాజులు ఎక్కిస్తూ మాటల్లో పడింది.

"నీ తోడికోడలి చెయ్యి ఎంత మెత్తనమ్మా. వీధిలో అందరూ ఆ పిల్ల పాట గురించే. ఈ ఏడన్నా పాడించు తల్లీ, నేనూ అరుగు మీద కూర్చుని వింటాను."

ఎక్కుతున్న గాజు చిట్లింది. నాంచారమ్మ చెయ్యి బిగించింది మరి.

మర్నాడే గుంటూరు వెళ్లి వెండి అమ్మవారి ముఖం తెచ్చుకుంది. వీధి వీధంతా పిలిచింది. ఈ ఏడు పేరంటం చూసి, పాట సంగతి అందరూ మరిచిపోవాలి. అదొక్కటే ఆవిడ మొక్కు. ఇంకా నిష్ఠ కనిపించాలని శుక్రవారం పొద్దున్నే ఇంట్లో కొత్త కట్టడి పెట్టింది.

"అమ్మవారికి హారతి ఇచ్చేదాకా ఎవరూ ఎంగిలిపడకూడదు. నువ్వు కూడానయ్యా."

అంకారావు చేతిలో చద్దన్నం గిన్నె ఉంది. "నాకెందుకే ఉపవాసం? పత్తిలో పచ్చపురుగు ముసురుకుంది. ఇవాళన్నా మబ్బు విడిచింది, మందు కొట్టకపోతే చేను నిలవదు."

"కొట్టిరా. నువ్వొచ్చేసరికి పూజ అయిపోతుంది. ఇద్దరం కలిసే తిందాం."

అంకారావు నెమ్మదస్తుడు. గిన్నె దింపి, స్ప్రేయరు భుజానికి తగిలించుకుని వెళ్లాడు. ముక్కుకు కట్టుకునే తువ్వాలు ఇవ్వడం నాంచారమ్మకు రోజూ ఉన్న అలవాటే. ఆ రోజు చేతులు వెండి ముఖానికి కాటుక దిద్దుతున్నాయి.

పూజ అనుకున్న వేళకు అవలేదు. కాలేదా, కానివ్వలేదా అంటే కానివ్వలేదు. దొడ్డిదారి వీధివాళ్లు ఇంకా రాలేదు. అందరూ వస్తేగాని వెండి ముఖానికి విలువేముంది? "వస్తున్నారు, వస్తున్నారు" అంటూ హారతి పళ్లెం పక్కన పెట్టి కూర్చుంది. గడప ఇవతల దీప్తి ఒకసారి, "బావగారు పొద్దున్నుంచీ ఏమీ తినలేదక్కా, క్యారేజీ పంపనా?" అంది. "నిష్ఠ చెడగొట్టకు" అంది నాంచారమ్మ, నలుగురూ వినేట్టు.

ఎండ మాడుకెక్కింది. ఆడవాళ్లు నిండారు. నాంచారమ్మ హారతి వెలిగించి, గొంతు సవరించుకుంది. అప్పుడే ఉదయ్ కుమార్ వాకిట్లో ముగ్గు తొక్కుకుంటూ వచ్చాడు.

"వదినా, అన్నయ్య చేలో పడిపోయాడు. నురగ కక్కుతున్నాడు. ట్రాక్టరు మీద వేశాం, రా."

పళ్లెం ఎక్కడ పెట్టిందో నాంచారమ్మకు తెలియదు. పట్టుచీరతోనే ట్రాక్టరెక్కింది.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు అంకారావు కనురెప్పలు ఎత్తి చూసి అడిగాడు. "ముక్కుకు గుడ్డ లేదా? ఎప్పుడు తిన్నాడు?"

గుడ్డ లేదని, పొద్దున్నుంచీ ఏమీ తినలేదని ఉదయే చెప్పాడు. డాక్టరు నాంచారమ్మ వైపు తిరిగాడు.

"గాలికి ఎదురుగా, ఖాళీ కడుపుతో, ఆ ఎండలో మందు కొడితే మనిషి నిలబడతాడా అమ్మా? ఇంట్లో తిండి పెట్టేవాళ్లు లేరా?"

ఆ మాట ఆవిడ మీద అందరి ఎదుటా పడింది. మంచం పక్కన కూర్చున్నంతసేపూ మొక్కుకోవడానికి కూడా ఆవిడకు మొహం చెల్లలేదు. ఏమని మొక్కుకుంటుంది? మెలకువ వచ్చాక అంకారావు అడిగిన మొదటి మాట, "పూజ బాగా జరిగిందా?" అని. నాంచారమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గండం గడిచింది. భర్త దగ్గర ఉదయ్‌ను ఉంచి, బట్టలకోసం నాంచారమ్మ ఊరికి వచ్చింది. బస్సు దిగి నడుస్తుంటే కలశం గుర్తొచ్చింది. కదపాల్సిన వేళ కదపలేదు. దీపం కొండెక్కి ఉంటుంది. పెట్టిన కలశం ముందు దీపం లేకపోతే ఎంత అరిష్టం.

వాకిట్లో ముగ్గు ఉంది. అరుగు మీద మస్తాన్‌బీ కూర్చుని ఉంది. నాంచారమ్మను చూసి లేచి, చేతులు పట్టుకుని, అంకారావు ఎట్లా ఉన్నాడో కనుక్కుని, అప్పుడు చెప్పింది.

"నీ పేరంటం ఆగలేదులేమ్మా. నువ్వు పోగానే ఆడాళ్లంతా లేచిపోబోతే నీ తోడికోడలు ఆపింది. 'మా అక్క పిలిచిన పేరంటం, ఉత్త చేతులతో పోకండి' అని అందరికీ శనగలు, తాంబూలం ఇచ్చింది. ఒక్కొక్కరికీ 'మా అక్క ఇచ్చింది' అనే చెప్పింది. ఆ పాట కూడా పాడింది, బావకు బాగవ్వాలని. అంతా కళ్లు తుడుచుకున్నారు."

నిజం చెప్పాలి. అంత జరిగాక కూడా నాంచారమ్మ లోపల ఆ పాత మంట ఒక్కసారి లేచింది. నా ఇంట్లో, నా కలశం ముందు, చివరికి మెప్పు దీనికే వచ్చిందన్నమాట. అలా అనుకుంటూనే పూజగది దగ్గరికి వెళ్లింది.

దీపం వెలుగుతోంది.

గడప ఇవతల, దీప్తి ఎప్పుడూ కూర్చునే చాప పక్కన, పులుసు వడ్డించే పొడుగు కాడ గరిటె ఉంది. గరిటె నిండా నూనె జిడ్డు. గడప నుంచి దీపపు కుంది దాకా గచ్చు మీద నూనె చుక్కలు వరసగా పడి ఉన్నాయి. గడప మీది పసుపు మాత్రం చెదరలేదు. ఒక్క అడుగు కూడా పడలేదు.

నాంచారమ్మ అక్కడే కూలబడింది. ఆ పిల్ల గడప తొక్కలేదు. తొక్కకూడదని తను చెప్పింది కాబట్టి, బయట మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి చాపి, గరిటెతో నూనె పోసి, తన ఇంటి దీపం కాపాడింది. తను ఆడిన అబద్ధాన్ని అంత భక్తిగా పాటించింది. ఆ నూనె చుక్కల ముందు వెండి ముఖం ఎందుకూ కొరగానట్టు అనిపించింది.

గోడ పక్క దారిలోంచి దీప్తి పరుగున వచ్చింది. "బావగారు ఎట్లా ఉన్నారక్కా? కలశం నేను కదపలేదు. నువ్వే వచ్చి కదుపుతావని ఉంచాను."

"బాగున్నాడు. లోపలికి రా."

"నాకు ఆనవాయితీ లేదు కదా."

"ఉంది. మొదటినుంచీ ఉంది. నీకు పట్టించమని అత్తయ్య పోయేముందు నాతో చెప్పింది. నేనే దాచాను." నాంచారమ్మ చూపు గచ్చు మీది నూనె చుక్కల మీదే ఉంది. "నిన్ను చూస్తే కుళ్లమ్మాయ్ నాకు. నీ ముగ్గు చూస్తే కుళ్లు, నీ పాట వింటే కుళ్లు. అది పైకి చెప్పలేక దేవుడి మీద పెట్టి చెప్పాను."

దీప్తి కళ్లలో నీళ్లు నిండాయి. "ఇన్నేళ్లూ నేనేదో తక్కువదాన్నేమో అనుకున్నానక్కా" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

నాంచారమ్మ ఆ చెయ్యి పట్టుకుని గడప దాటించింది. పీట వేసి కూర్చోబెట్టింది. పసుపు కలిపి పాదాలు ముట్టుకోబోతే దీప్తి వెనక్కి లాక్కుంది.

"పెద్దదానివి, నా కాళ్లు పట్టుకోకూడదు."

"వాయనం తీసుకునేటప్పుడు ఇవి నీ కాళ్లు కావే. ఉండనీ."

పసుపు రాసి, బొట్టు పెట్టి, కుడిచేతికి తోరం కట్టింది. శనగలు, తాంబూలం, రవికల గుడ్డ కొంగుచాటున పట్టుకుని అందించింది. తన అత్తగారు తనకు నేర్పినట్టే అడిగింది.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

"నా వాయనం అందుకున్నదెవరు?"

దీప్తికి ఆ జవాబు తెలుసు. ఏటా చాప మీద కూర్చుని వింటూనే ఉంది. కానీ తన నోటితో అనడం ఇదే మొదటిసారి.

"నేనే వరలక్ష్మిని" అంది మెల్లగా.

ప్రతి ఏడూ ఎంతమంది నోటినుంచో నాంచారమ్మ ఆ మాట విన్నది. అర్థమైంది మాత్రం ఆనాడే. అరుగు మీదినుంచి మస్తాన్‌బీ, "ఇప్పుడన్నా పాడించమ్మా" అంది. నాంచారమ్మ హారతి వెలిగించి పళ్లెం దీప్తి చేతికిచ్చి, తను పక్కన నిలబడి ఆ బొంగురు గొంతుతోనే వంత పాడింది.

మన నోములూ వ్రతాలూ ముగ్గులూ మనిషిలో దేవతను చూడమని పెద్దలు పెట్టినవి, పక్కింటిమీద గెలవమని కాదు. తోటి ఆడదాన్ని గడప బయట కూర్చోబెట్టి, ఆ గడపకే ఎంత పసుపు రాసినా అది పూజ అనిపించుకోదు.